రెండో ప్రశ్న



"మీ నాన్నగారి పేరేమిటి? మీరుండేది ఎక్కడ?" 1979లో శ్రీనగర్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీలో సీటు కోసం వెళ్లిన విద్యార్థులను ఇంటర్వ్యూలో అడిగినవి ఇలాంటి ప్రశ్నలేనట. ఒక్కొక్కరికి దక్కింది రెండు మూడు నిమిషాలు. రాత పరీక్షకు 100 మార్కులైతే, ఆ రెండు మూడు నిమిషాలకు 50 మార్కులు. రాతలో బాగా తెచ్చుకున్నవాళ్లు కొందరు ఇంటర్వ్యూలో దెబ్బతిన్నారు. రాతలో వెనకబడ్డవాళ్లు కొందరు ఇంటర్వ్యూ మార్కులతో గట్టెక్కారు. సీటు రానివాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అజయ్ హాసియా కేసుగా న్యాయశాస్త్రం చదివినవాళ్లందరికీ తెలిసిన ఆ వ్యాజ్యంలో 1980 నవంబర్ 13న అయిదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది.

ఇంటర్వ్యూలే వద్దని కోర్టు అనలేదు. మనిషి గుణగణాలను కొలవడానికి అదంత గొప్ప సాధనం కాదని, అయినా మిగతా పరీక్షలకు తోడుగా ఉంచుకోవచ్చని చెప్పింది. మొత్తం మార్కుల్లో 15 శాతానికి మించి దానికి కేటాయిస్తే మాత్రం అది ఇష్టారాజ్యమేనని గీత గీసింది. జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన ఆ తీర్పులో రేడియో వాళ్ల చెవికి ఇంపైన మాట కూడా ఒకటుంది. ఇంటర్వ్యూలను టేపు మీద రికార్డు చేస్తే మంచిదట. రేపు ఎవరైనా అన్యాయం జరిగిందంటే ఆ టేపు పెట్టి వినొచ్చు.

సలహా మంచిదే. ఒకవేళ దేశంలోని బిజినెస్ స్కూళ్ల అడ్మిషన్ ఇంటర్వ్యూలన్నీ నిజంగానే రికార్డై, వాటిని వరసపెట్టి వినే ఉద్యోగం ఎవరికైనా పడితే, ఆ మనిషి మీద జాలిపడాల్సిందే. "మీ గురించి చెప్పండి" అనే మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులు చాలావరకు ఒకే కోచింగ్ సెంటర్ మెట్లు దిగి వచ్చినట్టుంటాయి. అందరూ క్విక్ లెర్నర్లే, అందరూ టీమ్ ప్లేయర్లే. అందరికీ చిన్నప్పటి నుంచీ నాయకత్వ లక్షణాలున్నాయి. అందరి బలహీనతా ఒక్కటే, పని మరీ పక్కాగా చేయాలనే తపన. గొంతులు వేరుపడేది రెండో ప్రశ్న దగ్గర. మొదటి ప్రశ్నకు జవాబు ఎవరైనా రాసివ్వగలరు. ఆ జవాబులోంచి పుట్టే రెండో ప్రశ్న ఏమిటో రాసిచ్చినవాళ్లకు కూడా తెలియదు.

తెలుగు పిల్లల విషయంలో ఇది ఇంకాస్త ఆలోచించాల్సిన సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఎంసెట్ మొదలైంది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ దాని పేరు ఈఏపీసెట్. ఐఐటీకి జేఈఈ, మెడిసిన్‌కు నీట్. అన్నింటా ర్యాంకే మాట్లాడుతుంది, విద్యార్థి మాట్లాడక్కర్లేదు. న్యాయంగా చూస్తే ఇది మంచి మార్పే. శ్రీనగర్‌లో జరిగినట్టు తండ్రి పేరు అడిగి మార్కులు వేసే రోజులు మళ్లీ రాకూడదని కోరుకోవాలి. ఈ మార్పులోనే ఒక వెలితి కూడా ఉంది. ఇంటర్మీడియెట్ రెండేళ్లూ స్టడీ అవర్లలో గడిపి, ఆ పైన నాలుగేళ్ల బీటెక్ ముగించిన పిల్లలకు ఇరవై ఒకటో ఏడో ఇరవై రెండో ఏడో వచ్చేదాకా, ముక్కూమొహం తెలియని పెద్దవాళ్ల ఎదుట కూర్చుని తమ గురించి తాము పావుగంట మాట్లాడాల్సిన అవసరమే రాదు. మధ్యలో ల్యాబ్ పరీక్షల్లో వైవా అనేదొకటి ఉంటుంది కానీ, చాలా కాలేజీల్లో అది ఎంత మొక్కుబడిగా జరుగుతుందో శ్రోతలకు వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి అభ్యర్థి ఒకసారి హఠాత్తుగా ఐఐఎం ప్యానెల్ ముందుకు వెళ్తారు. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాసేవాళ్లు ఏటా 3 లక్షలకు అటూ ఇటూ ఉంటారు. పరీక్ష నవంబర్ చివర్లో, ఇంటర్వ్యూలు ఆ తర్వాతి కొన్ని నెలల్లో. ఎదురుగా ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఎక్కువగా ప్రొఫెసర్లు. వాళ్ల చేతిలో అభ్యర్థి ముందే నింపి పంపిన ఫారం ఉంటుంది. మార్కులు, ఉద్యోగం, అభిరుచులు, సొంత ఊరు. పదిహేను నిమిషాలో ఇరవై నిమిషాలో, ఆ కాగితం ఎటు లాగితే మాట అటు సాగుతుంది.

ఖమ్మం జిల్లా నుంచి ఒక అమ్మాయి వెళ్లిందనుకుందాం. ఈమె ఊహలోని మనిషే. కానీ ఈమె లాంటివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. బీటెక్ చేసి, హైదరాబాద్ హైటెక్ సిటీలో రెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసింది. తండ్రి రైతు. "మీ కుటుంబం గురించి చెప్పండి" అన్నారు. మాక్ ఇంటర్వ్యూలో నేర్పిన జవాబు సిద్ధంగా ఉంది: "మా నాన్నగారు రైతు. కష్టం విలువ, క్రమశిక్షణ ఆయన దగ్గరే నేర్చుకున్నాను." వాక్యంలో తప్పేమీ లేదు. అబద్ధం కూడా కాదు. కాకపోతే అందులో ఆ తండ్రి లేడు. ఆ వాక్యాన్ని దర్జీ కూతురూ చెప్పొచ్చు, లెక్చరర్ కొడుకూ చెప్పొచ్చు.

ప్రొఫెసర్ రెండో ప్రశ్న వేస్తారు. "ఏం పండిస్తారు?"

"మిర్చి. తేజ రకం."

"ఎక్కడ అమ్ముతారు?"

ఇక్కడ ఆ అమ్మాయికి రెండు దారులున్నాయి. "మార్కెట్లో అమ్ముతారు సర్" అని ఆగిపోయి, మళ్లీ కష్టం విలువ దగ్గరకు పోవడం ఒకటి. తనకు తెలిసింది చెప్పడం రెండోది. ఆమెకు తెలిసింది తక్కువేం కాదు. ఖమ్మం యార్డులో పొద్దున్నే జెండా పాట అనే వేలం జరుగుతుంది. ఆ రోజుకు పెద్ద ధర అందులో పలికిందే, మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. యార్డుకు బస్తాలు తెచ్చిన రైతులందరికీ ఆ ధర రాదు. తేమ ఉందనో, రంగు తగ్గిందనో, తాలు కలిసిందనో తగ్గిస్తారు. కోతలన్నీ ఒకేసారి మీద పడే రోజుల్లో యార్డు బస్తాలతో నిండిపోతుంది, ధర జారుతుంది. చేతిలో కాస్త ఊపిరి ఉన్న రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుతాడు. అప్పు ఉన్న రైతు ఆగలేడు, ఆ రోజే అమ్ముకుంటాడు. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు తోటలను తుడిచిపెట్టినప్పుడు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో, ఆ ఏడాది కాలేజీ ఫీజు ఎలా కట్టారో కూడా ఆమెకు తెలుసు.

ఎంబీఏ మొదటి ఏడాదిలో చెప్పే పాఠాలు సగం ఇందులో ఉన్నాయి. ధర ఎలా తేలుతుంది, సరుకు నిల్వకు ఎంత ఖర్చవుతుంది, నష్టభయం ఎవరి నెత్తిన పడుతుంది, నాణ్యతకు కొలత ఎవరి చేతిలో ఉంది అన్నవే ఆ పాఠాలు. జెండా పాట ధర అందరికీ ఎందుకు రాదో ఆమె తనకు అర్థమైనట్టు చెప్పగలిగితే, ప్యానెల్లోని ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్ కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు. అయితే ఆయన అక్కడితో ఆగరు. "మరి కోల్డ్ స్టోరేజీలో పెట్టినవాళ్లందరికీ లాభమే వస్తుందా?" అంటారు. వచ్చే ఏడాది పంట బాగుంటే పాత సరుకు ధర ఇంకా పడిపోతుందని ఆమెకు తడితే మంచిదే. తట్టకపోతే "అది ఆలోచించాలి సర్" అని ఒక్క క్షణం ఆగినా నష్టం లేదు. అప్పటికే సంభాషణ ఆమె ఊరి గట్టు మీద జరుగుతోంది. అక్కడ ఆమెకు తడబాటు తక్కువ.

ఇంటర్వ్యూలో నిజాయితీ అంటే ఇదే. మనసులో ఉన్నదంతా బయట పెట్టేయడం కాదు. అప్పులు, గొడవలు, ఇంటి గుట్టు ప్యానెల్‌కు చెప్పాల్సిన పని లేదు, వాళ్లు అడగరు కూడా. చెప్పిన ప్రతి మాట కిందా తవ్వితే ఇంకో మాట దొరకాలి, అంతే. అరువు జవాబు కింద తవ్వితే బండ తగులుతుంది.

ఈ తేడా అభిరుచుల గడిలో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. పుస్తకాలు చదవడం, పాటలు వినడం, ట్రావెలింగ్ అని రాసేస్తారు. ఈమధ్య ఎక్కడికి వెళ్లారని అడిగితే అరకు, అది కూడా కాలేజీ టూర్. చివరగా చదివిన పుస్తకం ఏమిటని అడిగితే ఒక ఇంగ్లిష్ వ్యక్తిత్వ వికాస గ్రంథం పేరు వస్తుంది. అందులో ఏం నచ్చలేదని అడిగితే మాట రాదు. ఎందుకు నచ్చిందో నెట్లో దొరుకుతుంది, ఎందుకు నచ్చలేదో చదివినవాళ్లకే తెలుస్తుంది. అభిరుచులేమీ లేకపోవడం నేరం కాదు. కార్పొరేట్ జూనియర్ కాలేజీ హాస్టల్లో ఉన్నవాళ్లకు అభిరుచికి తీరిక ఎక్కడిది? ఆ మాటే చెప్పి, ఉద్యోగంలో చేరాక ఆదివారాలు ఏం చేస్తున్నారో చెప్తే చాలు. గల్లీ క్రికెట్ టోర్నమెంటుకు చందాలు వసూలు చేసి, లెక్క రాసి, మిగిలిన డబ్బు ఏం చేయాలన్న తగువు తీర్చిన కుర్రాడు, "నాయకత్వ లక్షణాలు" అనే మాట ఎత్తకుండానే ఆ లక్షణాలు చూపించగలడు.

గ్యాపుల సంగతి ఇంకొకటి. ఇంటర్ తర్వాత లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పోయిన ఏడాది, బీటెక్‌లో మిగిలిన బ్యాక్‌లాగులు, కంపెనీలో చేరాక ప్రాజెక్టు లేక బెంచ్ మీద కూర్చున్న నెలలు. వీటిని దాచడానికి పడే పాట్లు చూస్తే, దాచిన దానికన్నా దాచడమే పెద్ద తప్పులా కనిపిస్తుంది. ప్యానెల్‌కు తేదీలు కనిపిస్తూనే ఉంటాయి. "బెంచ్ మీద ఎనిమిది నెలలున్నాను, మొదటి రెండు నెలలూ వృథా చేశాను, తర్వాత డేటాబేస్ కోర్సు పూర్తి చేశాను" అన్న జవాబులో ఆ మధ్య ముక్కే ప్రాణం. వృథా చేశానన్న మాట వల్ల చివరి మాటకు నమ్మకం వస్తుంది. కొన్ని కోచింగ్ సెంటర్లు ఆ మధ్య ముక్కనే కత్తిరించమని చెప్తాయి. అది తప్పుడు సలహా.

అయితే నిజం మాట్లాడటానికి తయారీ అక్కర్లేదనుకుంటే అది ఇంకా పెద్ద పొరపాటు. ఖమ్మం అమ్మాయి తనకు తెలిసిందంతా ఇంగ్లిష్‌లో, అదురుతున్న గుండెతో, అడిగిన క్షణాన చెప్పాలి. తెలిసిన విషయమే నోటికి రాకుండా పోవడం ఎంత మామూలో తెలుగు మీడియంలో చదివినవాళ్లకు తెలుసు. పనికొచ్చే తయారీ ఏమిటంటే, ముందు తెలుగులోనే ఎవరికైనా చెప్పి చూడటం. జెండా పాట గురించి ఎన్నడూ వినని హైదరాబాద్ రూమ్‌మేట్‌కు అయిదు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పగలిగితే, ఆ తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పెట్టుకోవచ్చు. కంఠతా పట్టకూడదు. కంఠతా పట్టిన వాక్యంలో ఒక్క ముక్క జారితే మిగతాదంతా జారుతుంది. విషయం తెలిసిన మనిషికి ఒక మాట పోతే ఇంకో మాట దొరుకుతుంది.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఈ విషయంలో ఒక మంచి పని చేస్తోంది. డిగ్రీ ప్రవేశ ఇంటర్వ్యూల్లో తాము అడిగే నమూనా ప్రశ్నలను, ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో ట్యూటర్ల మాటల్లోనే బయట పెడుతోంది. జీవశాస్త్రం అభ్యర్థులకు వేసిన ఒక ప్రశ్న ఇది: లేడీబర్డ్ ఎర్రగా ఉంటుంది, స్ట్రాబెర్రీ కూడా ఎర్రగా ఉంటుంది, ఎందుకు? లేడీబర్డ్ అంటే మన రైతులు అక్షింతల పురుగు అని పిలిచేదే, పేనుబంకను తినే మిత్రపురుగు. ఒకే రంగు ఒకచోట "రా, తిను" అంటుంది, ఇంకోచోట "జోలికి రాకు" అంటుంది. చూసేవాళ్ల కన్ను ఎలాంటిది, ఆ రంగు ఎవరి కోసం అన్న దాకా సంభాషణ పోవాలని ట్యూటర్ ఉద్దేశం. దీనికి ముందే తెలిసిన జవాబు పెద్దగా ఉపయోగపడదు. పైకే ఆలోచించగలగాలి, ట్యూటర్ చిన్న ఆధారం ఇస్తే దాన్ని పట్టుకుని పాత మాట మార్చుకోగలగాలి. 2020 నుంచి ఆ ఇంటర్వ్యూలు ఆన్‌లైన్లోనే జరుగుతున్నాయి కాబట్టి గుంటూరులో కూర్చున్న పిల్లవాడు కూడా ఇంటి నుంచే హాజరుకావచ్చు.

"తెలియదు" అనే మాటకు కూడా ఇక్కడే విలువ. తెలియనిదాన్ని తెలియదనడం మంచిదే. వరసగా నాలుగు ప్రశ్నలకు అదే చెప్పి చేతులు కట్టుకుంటే మాత్రం అది నిజాయితీ కింద లెక్కకు రాదు. "కచ్చితంగా తెలియదు, కానీ ఇలా అయివుంటుందని నా ఊహ" అని ఒక అడుగు వేసేవాళ్లతో ప్యానెల్ ఇంకో అడుగు వేస్తుంది.

ఇంత చెప్పాక, నిజంగా నిజం మాట్లాడితే లాభముందా అని అడిగే శ్రోత తప్పకుండా ఉంటారు. దీని మీద 2017లో జర్నల్ ఆఫ్ అప్లైడ్ సైకాలజీలో ఒక అధ్యయనం వచ్చింది. సీలియా మూర్, సన్ యంగ్ లీ, వారి సహచరులు అమెరికాలో ఉద్యోగాలకు దరఖాస్తు చేసిన 1,240 మంది టీచర్లను పరిశీలించారు. ప్రతిభలో ముందున్న టీచర్లలో, తామేమిటో ఉన్నది ఉన్నట్టు తెలియజేయాలనే పట్టుదల ఉన్నవాళ్లకు ఉద్యోగం దక్కే అవకాశం 51 శాతం నుంచి 73 శాతానికి పెరిగింది. అయితే ఈ లాభం ప్రతిభ ఉన్నవాళ్లకే. విషయం లేనివాళ్లకు నిజాయితీ ఏమీ కలిసి రాలేదు, కొంత నష్టమే చేసింది. ఇది ఉద్యోగాల లెక్క, కాలేజీ సీట్లది కాదు. అయినా ఇందులో తెలివైన విద్యార్థి పట్టించుకోవాల్సిన కబురు ఉంది: ముందు చెప్పుకోదగ్గ పని ఏదో చేసి ఉండాలి, నిజం చెప్పడం దాని తర్వాతి మెట్టు.

ఇక రెండో వైపు కూడా చూడాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అంత గొప్ప పారఖీలా? అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని టెక్సస్ విశ్వవిద్యాలయ మెడికల్ స్కూల్లో 1979లో అనుకోకుండా ఒక ప్రయోగం జరిగిపోయింది. ఆ స్కూలు సుమారు 800 మందిని ఇంటర్వ్యూ చేసి, ర్యాంకులు వేసి, పై 350 మందిలోంచి 150 మందికి సీట్లు ఇచ్చింది. ఆ తర్వాత రాష్ట్ర శాసనసభ ఇంకో 50 మందిని తీసుకోమంది. అప్పటికి మిగిలింది జాబితాలో అట్టడుగువాళ్లు, 700 నుంచి 800 మధ్య ర్యాంకులవాళ్లు. వాళ్లలోంచే 50 మందిని తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమందికి మరే కాలేజీ సీటు ఇవ్వలేదు. తీరా చదువు ముగిశాక చూస్తే పై జాబితా వాళ్లకూ అడుగు జాబితా వాళ్లకూ చదువులో గానీ, ఆసుపత్రి పనిలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 1987లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో ఈ సంగతి అచ్చయింది. సీటు రాక ఇంటికొచ్చి గదిలో తలుపేసుకునే పిల్లలకు ఈ కథ ఎవరైనా చెప్పాలి.

కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి అనుమానంతోనే 2000 దశకం మొదట్లో పద్ధతి మార్చారు. ఒకే గదిలో ఒకే ప్యానెల్‌తో పొడుగాటి ఇంటర్వ్యూ బదులు, పది దాకా చిన్న చిన్న గదులు, గదికి ఎనిమిది నిమిషాలు, గదికో కొత్త పరీక్షకుడు, గదికో కొత్త సమస్య. ఒకరికి నచ్చకపోయినా ఇంకొకరికి నచ్చే అవకాశం ఉంటుంది. ఈ పద్ధతి ఇప్పుడు చాలా దేశాల మెడికల్ కాలేజీల్లో ఉంది.

హార్వర్డ్ చరిత్ర మరో పాఠం. 1920 దశకంలో అక్కడి అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ యూదు విద్యార్థుల సంఖ్య తగ్గించాలనుకున్నాడు. మార్కులు ఒక్కటే చూస్తే అది కుదరదు. అందుకని "శీలం", "వ్యక్తిత్వం" అనే కొలతలు ముందుకొచ్చాయి. వ్యక్తిత్వం చూస్తామని ఎవరైనా అంటే, ఆ కొలబద్ద ఎవరి చేతిలో ఉందని అడగడం తప్పు కాదు. అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు కుటుంబాలు దగ్గరగా గమనించిన హార్వర్డ్ కేసులో, 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన కేసులోనే, వ్యక్తిత్వానికి వేసే "పర్సనల్ రేటింగ్" పెద్ద వివాదమైంది. పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన పూర్వ విద్యార్థులు ఆసియా సంతతి పిల్లలకు మిగతావాళ్లతో సమానంగానే మార్కులు వేశారని, కాగితాలు మాత్రమే చూసిన అడ్మిషన్ ఆఫీసు తక్కువ వేసిందని కేసు వేసినవాళ్లు లెక్కలు చూపారు.

చిన్నపిల్లల సంగతికి వస్తే అసలు ఇంటర్వ్యూయే ఉండకూడదు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 13 ప్రకారం స్కూలు ప్రవేశానికి పిల్లల్ని గానీ, తల్లిదండ్రుల్ని గానీ వడపోయడం నిషేధం. మొదటిసారి ఉల్లంఘిస్తే 25 వేల రూపాయల దాకా, ఆపైన ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. ఒకరికి బదులు ఇంకొకరిని ఎంచుకోవాల్సి వస్తే లాటరీ వంటి పద్ధతి ఉండాలి. నర్సరీ తరగతులకూ మైనారిటీ స్కూళ్లకూ ఇది వర్తిస్తుందా అనే దాని మీద కోర్టుల్లో వాదాలు నడిచాయి. ఒకటో తరగతి సీటుకు మాత్రం తల్లికి ఇంగ్లిష్ వచ్చా, తండ్రి జీతమెంత అని మామూలు ప్రైవేటు స్కూలు అడిగితే, నిజాయితీగా ఎలా జవాబివ్వాలా అని తల పట్టుకోనక్కర్లేదు. ఆ ప్రశ్న అడిగే హక్కే వాళ్లకు లేదు. 2017లో వచ్చిన "హిందీ మీడియం" సినిమాలో ఇర్ఫాన్ ఖాన్ దంపతులు స్కూలు ఇంటర్వ్యూ కోసం ట్యూషన్ పెట్టించుకుంటుంటే హాల్లో అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో ఎంతమంది ఆ ట్యూషన్ ఫీజు కట్టినవాళ్లో.

వీసా ఇంటర్వ్యూ వేరే లోకం. చిలుకూరు బాలాజీకి మొక్కుకుని, పదకొండు ప్రదక్షిణలు చేసి, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లే పిల్లలకు కూడా కన్సల్టెన్సీలు జవాబులు రాసిస్తున్నాయి. అక్కడ మాట్లాడేది ఒక్కోసారి మూడు నిమిషాలే. యూనివర్సిటీ ఎందుకు ఎంచుకున్నావని అడిగితే దాని ర్యాంకు, ఊరి వాతావరణం ఒప్పజెప్పేవాళ్లే ఎక్కువ. అయితే కాలేజీ ఇంటర్వ్యూలో అరువు జవాబు చెప్తే పోయేది సీటు ఒక్కటే. వీసా కిటికీ దగ్గర అసలు విషయంలోనే అబద్ధం చెప్పినట్టు తేలితే, అమెరికా వలస చట్టం కింద జీవితాంతం ఆ దేశంలో అడుగుపెట్టే అర్హత పోవచ్చు. బ్యాంకు బ్యాలెన్స్ కాగితం దగ్గర నుంచి పని అనుభవం సర్టిఫికెట్ దాకా, ఫైల్లో పెట్టే ప్రతిదీ నిజమైందో కాదో తల్లిదండ్రులు ఒకసారి చూసుకోవడం మంచిది.

చివరగా ఇంజినీరింగ్ కాలేజీల లెక్చరర్లకు ఒక విన్నపం. సెమిస్టర్ చివర్లో ల్యాబ్ వైవా వస్తుంది. రికార్డు మీద సంతకం పెట్టే ముందు ప్రతి విద్యార్థినీ పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి అడగండి. ఈ ప్రయోగంలో నీకు వచ్చిన రీడింగ్ పక్కవాడి రీడింగ్‌తో ఎందుకు కలవలేదని అడగండి. తెలుగులో జవాబిచ్చినా ఒప్పుకోండి. జవాబు విన్నాక, దాని మీద ఇంకో ప్రశ్న వేయండి. అరవై మంది క్లాసుకు దీనికి ఒక పూట ఎక్కువ పడుతుంది. ఆ పూట కేటాయించండి.